ఆ ఎనిమిది కుర్చీలు ఎవరివి?

పోస్టు కొంచెం పెద్దదయింది. పరీక్ష లేని రోజు చూసుకుని తీరిగ్గా చదవండి.

మన గ్రూపులో ఎక్కువగా మూడు సంగతుల మీద పోస్టులు పడతాయి. ఒకటి జీవో 3, రెండు హాస్టళ్లు, మూడు డోలీ మోతలు. మూడింటి కిందా ఒకటే మాట ఉంటుంది, "ప్రభుత్వం పట్టించుకోవాలి" అని. మాట సరైనదే. కానీ ప్రభుత్వంలో ఎవరు వినాలి? విన్నది ఎవరు రాసుకోవాలి? రాసుకున్నది ఎవరు పైకి పంపాలి? ఈ పని కోసమే రాజ్యాంగంలో ఒక సంఘం ఉంది. దాని పేరు గిరిజన సలహా మండలి. పేపర్లలో ట్రైబ్స్ అడ్వైజరీ కౌన్సిల్ అనీ, టీఏసీ అనీ రాస్తుంటారు.

నేను చెప్పేది ఒక్కటే. ఆ మండలిలో ఎమ్మెల్యేలు కాని ఆదివాసీలకు కూడా కుర్చీలు ఉన్నాయి. ఇప్పుడున్న మ్యాప్ ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని మనోళ్లకు లోపలికి వెళ్లడానికి దాదాపు అదొక్కటే దారి. ఆ కుర్చీల్లో ఎవర్ని కూర్చోబెడుతున్నారు, ఆ మండలికి రాసిపెట్టే, లెక్క కట్టే సిబ్బంది ఎంతమంది ఉన్నారు అన్నది మనం అడగాలి. ఇప్పటిదాకా మనం అడుగుతున్నవి అన్నీ దాని తర్వాత వచ్చేవే.

రాజ్యాంగంలో ఉన్నది ఏటి?

అయిదో షెడ్యూలు, నాలుగో పేరా. షెడ్యూల్డ్ ప్రాంతాలున్న ప్రతి రాష్ట్రంలో గిరిజన సలహా మండలి ఉండాలి. సభ్యులు 20 మందికి మించకూడదు. అందులో సుమారు నాలుగింట మూడు వంతులు అసెంబ్లీలో ఉన్న ఎస్టీ ప్రతినిధులు అయి ఉండాలి. అంటే 20 మందితో మండలి వేస్తే 15 సీట్లు ఎమ్మెల్యేలవి.

మరి అంతమంది ఎస్టీ ఎమ్మెల్యేలు లేకపోతే? దానికి జవాబు కూడా ఆ పక్క వాక్యంలోనే ఉంది. మిగిలిపోయిన సీట్లను ఆ తెగలకే చెందిన ఇతరులతో నింపాలి. నింపవచ్చు అని లేదు, నింపాలి అని ఉంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2009 ఎన్నికల నుంచి ఎస్టీలకు రిజర్వు చేసిన అసెంబ్లీ సీట్లు 19. పదిహేనుకి అవి చాలేవి. 2014లో రాష్ట్రం విడిపోయాక 12 సీట్లు తెలంగాణకి వెళ్లాయి, మనకి 7 మిగిలాయి. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు లోయ, పాడేరు, రంపచోడవరం, పోలవరం. పదిహేనులో ఏడు తీసేస్తే ఎనిమిది. విభజన వల్ల మనకి పోయినవాటి గురించి అందరూ మాట్లాడతారు. ఈ ఒక్క చోట మాత్రం మామూలు ఆదివాసీకి ఎనిమిది కుర్చీలు కలిసొచ్చాయి. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

మిగతా అయిదు సీట్లకు రాజ్యాంగం ఏ షరతూ పెట్టలేదు. కాబట్టి అధికారులను వేసుకున్నా తప్పు పట్టలేం. కానీ ఆ ఎనిమిదీ అధికారులవి కావు, ఆదివాసీలవి.

మన రెండు జిల్లాలకు ఎందుకు ముఖ్యం?

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాత విజయనగరం నుంచి పార్వతీపురం, కురుపాం, సాలూరు, పాత శ్రీకాకుళం నుంచి పాలకొండ వైపు మండలాలు తీసి పార్వతీపురం మన్యం జిల్లా చేశారు. సీతంపేట ఐటీడీఏ, పార్వతీపురం ఐటీడీఏ రెండూ ఇప్పుడు ఆ కొత్త జిల్లాలోనే ఉన్నాయి. మన్యం ప్రజలకు మంచిదే, కలెక్టరాఫీసు దగ్గరయింది. నేను దాన్ని తప్పు పట్టడం లేదు.

కానీ ఒకసారి మ్యాప్ తీసి చూడండి. ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం, నరసన్నపేట, శ్రీకాకుళం, ఆమదాలవలస, ఎచ్చెర్ల. ఇవి ఇప్పటి శ్రీకాకుళం జిల్లా నియోజకవర్గాలు. ఒక్కటీ ఎస్టీ రిజర్వుడు కాదు. విజయనగరం జిల్లాలోనూ అంతే. సాలూరు నియోజకవర్గంలో ఉన్న మెంటాడ మండలం ఒక్కటే విజయనగరం జిల్లాలో ఉండిపోయింది, అంతే తేడా. మందస, మెళియాపుట్టి, పాతపట్నం, హిరమండలం, కొత్తూరు కొండల్లో సవరలున్నారు. శృంగవరపుకోట మండలంలో దారపర్తి కొండమీది గూడేలున్నాయి. వాళ్ల మాట సలహా మండలిలో చెప్పడానికి ఏ ఎమ్మెల్యే వెళ్తాడు? వాళ్ల ఎమ్మెల్యే ఎస్టీ కాదు కాబట్టి ఆ కోటాలో వెళ్లలేడు. ఎస్టీ ఎమ్మెల్యేలకు వాళ్లు ఓటర్లు కారు.

2011 జనాభా లెక్కల్లో పాత సరిహద్దుల ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో ఎస్టీలు దాదాపు 1 లక్షా 66 వేలు, విజయనగరం జిల్లాలో దాదాపు 2 లక్షల 35 వేలు. అందులో పెద్ద భాగం ఇప్పుడు మన్యం జిల్లాలోకి వెళ్లింది. మిగిలినవాళ్లు చెదురుమదురుగా కొండవార ఊళ్లలో, మైదానం అంచుల్లో ఉన్నారు. చాలా ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. "నాన్ షెడ్యూల్డ్ గ్రామాలు" అని ఆఫీసుల్లో అంటారు. వెలి అంటే ఏటో తెలియాలంటే ఈ మాట అర్థం చేసుకుంటే చాలు. మనిషి ఎస్టీయే, ఊరు మాత్రం కాదు.

మాది అలాంటి ఊరే. మెళియాపుట్టి వైపు కొండవార. మా అమ్మ కన్నవారి ఊరు షెడ్యూల్డ్ గ్రామం. రెండు ఊళ్లలోనూ సవర మాటే మాట్లాడతారు, రెండు చోట్లా జీడితోటలే, రెండు చోట్లా పోడే. తేడా ఒక్కటే. మా తాత ఒకసారి వైద్యం ఖర్చుకి సావుకారి దగ్గర అప్పు తీసుకుని జీడితోట రాసిచ్చాడు. అది మళ్లీ మా చేతికి రాలేదు. అమ్మ వాళ్ల ఊళ్లో అయితే ఆ కాగితం చెల్లేది కాదు, ఎందుకంటే అక్కడ 1/70 ఉంది. మా ఊళ్లో లేదు. మా అయ్యని అడిగితే "ఆ గీత ఎవలు గీసినారో, మనల్ని ఎవలైనా అడిగినారేటి" అంటాడు. ఈ గీత దగ్గర మాట్లాడాల్సింది సలహా మండలే. ఎందుకో చెప్తాను.

మండలి పని షెడ్యూల్డ్ ప్రాంతాలకే పరిమితం కాదు. రాష్ట్రంలోని షెడ్యూల్డు తెగల సంక్షేమం, అభివృద్ధి మీద సలహా ఇవ్వాలని ఆ పేరాలో ఉంది. రాష్ట్రంలోని తెగలు అంటే కొండమీద వాళ్లూ, కొండ కింద వాళ్లూ, షెడ్యూల్డ్ ఊరూ, కాని ఊరూ అందరూ వస్తారు. షెడ్యూల్డ్ ప్రాంతాలే లేని తమిళనాడు, పశ్చిమ బెంగాల్‌లో కూడా ఇలాంటి మండళ్లు ఉన్నాయి. కాబట్టి "మీ ఊరు షెడ్యూల్లో లేదు కదా" అని మనల్ని బయట నిలబెట్టే అవకాశం ఇక్కడ లేదు.

సలహా ఇస్తే ఏమవుతుంది?

"సలహాయే కదా, వింటే వింటారు, లేకపోతే లేదు" అని మా సీనియర్ అన్నయ్య ఒకరు అన్నారు. సగం నిజం. మండలి సలహాకి ప్రభుత్వం కట్టుబడి ఉండాలని లేదు. పైగా గవర్నర్ తన దగ్గరకు పంపిన విషయాల మీదే సలహా ఇవ్వాలని ఉంది.

మిగతా సగం అయిదో పేరాలో ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల శాంతి, సుపరిపాలన కోసం గవర్నర్ రెగ్యులేషన్లు చెయ్యవచ్చు. భూమి చేతులు మారకుండా ఆపవచ్చు, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చెయ్యవచ్చు. అయితే మండలి ఉన్న రాష్ట్రంలో ముందు మండలిని సంప్రదించకుండా అలాంటి రెగ్యులేషన్ ఒక్కటి కూడా చెయ్యకూడదు. ఆ తర్వాత రాష్ట్రపతి ఆమోదం కావాలి. అంటే షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం గవర్నర్ చేసే అలాంటి ప్రతి రెగ్యులేషనూ ఈ గది దాటే వెళ్లాలి.

1/70 అలా వచ్చిందే. 1959 నాటి ఒకటో రెగ్యులేషన్‌ని 1970లో గట్టి చేశారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి భూమి అమ్ముకోవడం కూడా చెల్లదన్నారు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందే అనుకోవాలి, కాదంటే అతనే రుజువు చేసుకోవాలన్నారు. అది ఎప్పుడు వచ్చిందో గుర్తు చేసుకోండి. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న చనిపోయారు. తర్వాత శ్రీకాకుళం కొండలన్నీ రగిలాయి. ఆ రోజుల్లోనే చట్టం గట్టిపడింది. అంత రక్తం పోయాక గానీ మన మాట ఆ గదికి చేరలేదు. ఇప్పుడు మాట చేరడానికి ప్రాణాలు పోనక్కర్లేదు. లోపల మన మనిషి ఉంటే చాలు.

కుర్చీలతో పాటు కావలసింది సిబ్బంది

ఇక్కడ మనం ఎప్పుడూ చదవని ముక్క ఒకటి ఉంది. నాలుగో పేరాలోనే మూడో భాగం. మండలిలో ఎంతమంది, వాళ్లని ఎలా నియమించాలి, చైర్మన్ ఎవరు అనే వాటితో పాటు మండలి అధికారులు, ఉద్యోగుల నియామకం గురించి కూడా గవర్నర్ నియమాలు చెయ్యవచ్చు అని ఉంది. అంటే రాజ్యాంగం రాసినవాళ్లకి తెలుసు, సభ్యులు ఒక్కరే సరిపోరని. మీటింగుకి ముందు కాగితం తయారుచేసేవాళ్లు కావాలి. మీటింగు తర్వాత ఏది జరిగిందో, ఏది ఆగిందో వెంటపడేవాళ్లు కావాలి.

మన రాష్ట్రంలో గిరిజన సంక్షేమ మంత్రి మండలికి చైర్మన్‌గా ఉంటున్నారు. సంక్షేమ శాఖ పనిని చూసి సలహా ఇవ్వాల్సిన మండలికి ఆ శాఖ మంత్రే పెద్ద. ఇప్పుడున్న మంత్రి, మునుపటి మంత్రి అని కాదు, ఎవరున్నా ఇబ్బంది ఇదే. కాగితం కూడా ఆ శాఖ నుంచే వస్తే, శాఖ తన జవాబు పేపరు తానే దిద్దుకున్నట్టు ఉంటుంది.

సిబ్బంది ఎందుకు కావాలో జీవో 3 చూస్తే తెలుస్తుంది. 2000 జనవరి 10న వచ్చింది. ఏజెన్సీ స్కూళ్లలో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే. దాని వల్ల మన గూడేల్లో ఎంతమంది అన్నయ్యలు, అక్కలు టీచర్లయ్యారో మీకు చెప్పనక్కర్లేదు. మాలాంటి మొదటి తరం పిల్లలకి బళ్లో మన భాష తెలిసిన మనిషి కనిపించింది దాని పుణ్యమే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచ్ దాన్ని కొట్టేసింది. వంద శాతం చెల్లదంది. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు ఏజెన్సీలో బంద్‌లు చేశాం, ప్రత్యేక డీఎస్సీ కావాలన్నాం.

బంద్ చెయ్యాలి. కానీ బంద్ తర్వాత పని ఎవరిది? ఇంకో జీవో తెచ్చినా, రెగ్యులేషన్ తెచ్చినా మళ్లీ కోర్టుకి వెళ్తుంది. అప్పుడు అక్కడ నినాదం పనిచెయ్యదు, లెక్క పనిచేస్తుంది. ఏజెన్సీలో ఏ బడిలో ఎన్ని పోస్టులు ఖాళీ? బయటి నుంచి వచ్చిన టీచర్లు ఎన్నాళ్లు ఉంటున్నారు? సవర, గదబ, కువి మాటలు వచ్చిన టీచర్ ఉన్న బడిలో పిల్లలు మానెయ్యడం తగ్గిందా? బీఈడీ, డీఈడీ చేసిన మన పిల్లలు ఎంతమంది ఎదురుచూస్తున్నారు? ఈ కాగితం తయారుచేసే ఆఫీసు మండలికి ఉండి ఉంటే జీవో 3 నిలిచేదా లేదా అన్నది నేను చెప్పలేను. కానీ రేపు వచ్చేదాన్ని నిలబెట్టుకోవాలంటే ఆ కాగితం లేకుండా కుదరదని మాత్రం గట్టిగా చెప్తాను. నేను డిగ్రీ అయ్యాక బీఈడీ చేద్దామనుకుంటున్నాను. కాబట్టి ఇది నా సొంత గొడవ కూడా.

రెండో ఉదాహరణ హాస్టళ్లు. 2025లో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు వచ్చి వంద మందికి పైగా చెల్లెళ్లు ఆసుపత్రుల పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు. తర్వాత అందరూ వచ్చారు, చూశారు. కానీ ప్రతి హాస్టల్లో ఏఎన్ఎం ఉండాలన్నది మన విద్యార్థి సంఘాలు ఎన్నేళ్లుగా అడుగుతున్నాయి? ఆ డిమాండ్ రోడ్డు మీద ధర్నాలో ఉంది, కలెక్టరాఫీసులో వినతిపత్రంలో ఉంది. సలహా మండలి అజెండాలో ఒక వరుసగా ఉందా? ఉంటే దానికి జవాబు ఏం రాశారు? ఇది తెలియడం మన హక్కు.

నేను ఇంతకుముందు ఉన్న ఒక హాస్టల్‌కి ఓసారి పెద్ద తనిఖీ వచ్చింది. మెనూ బోర్డు చదివారు, రిజిస్టర్‌లో సంతకం పెట్టారు, ఫొటో దిగారు, వెళ్లిపోయారు. బాత్రూములకి తలుపుల్లేవు. ఎవరూ అడగలేదు, మేమూ నోరు తెరవలేదు. అడిగితే తర్వాత ఎవరు కాపాడతారు అన్న భయం. హాస్టల్లో ఉన్న పిల్లే మండలిలో సభ్యురాలైతే తలుపుల సంగతి మొదటి మీటింగులోనే వస్తుంది. ఎందుకంటే ఆ పిల్ల సాయంత్రం తిరిగి ఆ హాస్టల్‌కే వెళ్లాలి.

సిబ్బంది లేకపోతే ఏమవుతుందో ఢిల్లీలో చూశాం

జాతీయ ఎస్టీ కమిషన్ 2004 నుంచి విడిగా ఉంది. 338ఏ అధికరణ కింద వచ్చింది. విచారణ చేసేటప్పుడు సివిల్ కోర్టుకున్న అధికారాలు దానికి ఉన్నాయి. సలహా మండలి కన్నా ఎంతో బలమైనది. అయినా 2022లో పార్లమెంటు స్థాయీ సంఘం ఏం చెప్పింది? కమిషన్ నాలుగేళ్లుగా సరిగా పనిచెయ్యడం లేదని, పార్లమెంటుకి ఒక్క రిపోర్టూ ఇవ్వలేదని చెప్పింది. కారణం అడిగితే సిబ్బంది లేరు, బడ్జెట్ లేదు అన్నారు. 2023 జూన్‌లో చైర్మన్ రాజీనామా చేస్తే కొత్త చైర్మన్ 2024 మార్చిలో వచ్చారు.

ఇక్కడ నాకు అర్థమైంది ఇది. మనకి అన్యాయం చెయ్యడానికి ఎవరూ చట్టం మార్చనక్కర్లేదు. పోస్టులు నింపకుండా వదిలేస్తే చాలు. బోర్డు ఉంటుంది, గది ఉంటుంది, కుర్చీ ఉంటుంది. వెళ్లి కాగితం ఇద్దామంటే తీసుకునే మనిషి ఉండడు.

మన రాష్ట్రంలోనూ ఎస్సీలకి, ఎస్టీలకి కమిషన్లు విడదీశారు. "కమిషన్ ఉంది కదా, మళ్లీ మండలి ఎందుకు" అని అడగవచ్చు. కమిషన్ ఎక్కువగా అన్యాయం జరిగాక ఫిర్యాదు వినేది. మండలి జరగకముందే చెప్పాల్సింది. దెబ్బ తగిలాక కట్టు కట్టేవాడూ కావాలి, రాయి తీసి పక్కన పెట్టేవాడూ కావాలి.

ఎమ్మెల్యేలు చాలరా?

చాలరు. మన ఎమ్మెల్యేల మీద కోపంతో అనడం లేదు. ఎమ్మెల్యేకి పార్టీ ఉంటుంది, పార్టీకి విప్ ఉంటుంది. ప్రభుత్వానికి నచ్చని సలహా మంత్రి ఎదురుగా కూర్చుని చెప్పాలంటే వచ్చేసారి టిక్కెట్టు గుర్తొస్తుంది. అందుకే మిగిలిన సీట్లు వేరేవాళ్లకి ఉండటం మన అదృష్టం. అక్కడా పార్టీ మనుషుల్నే వేసేస్తే ఆ ఎనిమిదీ ఉన్నా లేనట్టే.

ఇంకో మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఎనిమిది కుర్చీలూ మనకే కావాలనడం న్యాయం కాదు. ఏడు రిజర్వుడు సీట్లూ పాలకొండ నుంచి పోలవరం దాకా ఏజెన్సీలోనే ఉన్నాయి. నెల్లూరు యానాదులకి, నల్లమల చెంచులకి, రాయలసీమ సుగాలీలకి, ఎక్కడికక్కడ చెదిరిపోయిన ఎరుకల వాళ్లకి ఒక్క ఎస్టీ సీటూ లేదు. వాళ్ల పరిస్థితీ మన మందస, దారపర్తి పరిస్థితీ ఒకటే. కాబట్టి డిమాండ్ ఇలా ఉండాలి: ఎస్టీ ఎమ్మెల్యే లేని ప్రాంతాలకి, ఎమ్మెల్యే అయ్యే అవకాశం లేని చిన్న తెగలకి ముందు ఇవ్వాలి. అందులో ఆడవాళ్లు ఉండాలి. ఒక్కరైనా చదువుకుంటున్న విద్యార్థి ఉండాలి. పేరు ప్రకటించే ముందు గ్రామసభల నుంచి పేర్లు అడగాలి. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకి అంత గౌరవం ఇచ్చింది, ఈ ఒక్క పేరు చెప్పే అర్హత లేదంటారా?

బయట దేశాల్లో ఇది కొత్తేమీ కాదు. నార్వేలో సామీ అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్లకి 1989 నుంచి సొంత పార్లమెంటు ఉంది, 39 మంది సభ్యులు. వాళ్లని సామీలే ఓటేసి ఎన్నుకుంటారు. ప్రభుత్వం వాళ్లతో ఎలా సంప్రదించాలో 2005లో ఒప్పందం కూడా రాసుకున్నారు. ఇంగ్లండులో 1997లో సామాజిక వెలి మీద పనిచెయ్యడానికి ప్రధానమంత్రికి దగ్గరగా ఒక ప్రత్యేక విభాగం పెట్టారు. అందులో ప్రభుత్వ ఉద్యోగులతో పాటు స్వచ్ఛంద సంస్థల్లో, స్థానిక సంస్థల్లో పనిచేసినవాళ్లని కూడా తీసుకున్నారు. ఆఫీసు మనుషులకి ఫైలు తెలుసు, బయటి మనుషులకి ఊరు తెలుసు, రెండూ కావాలని. మన మండలి ఆఫీసులో కూడా సవర, కువి తెలిసిన ఇద్దరు మనుషులుంటే చాలు, మా నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు కాగితం మీదకి వస్తుంది. మన గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని నిఘంటువు రాశారు. ఆయన ఒక్కరు చేసినది ఇంత పెద్ద ప్రభుత్వానికి చేతకాదా?

మనం ఏం చెయ్యాలి?

ముందు సమాచారం. సమాచార హక్కు చట్టం కింద గిరిజన సంక్షేమ శాఖకి దరఖాస్తు పెట్టాలి. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సినవి ఇవి.

1. గిరిజన సలహా మండలిని చివరిసారి ఎప్పుడు ఏర్పాటు చేశారు? సభ్యుల పేర్లు, తెగ, జిల్లా ఇవ్వండి.
2. ఎమ్మెల్యేలు కాని ఎస్టీ సభ్యులు ఎంతమంది? వాళ్లని ఏ పద్ధతిలో ఎంపిక చేశారు?
3. గత అయిదేళ్లలో ఎన్ని మీటింగులు జరిగాయి? అజెండా, మినిట్స్ కాపీలు ఇవ్వండి.
4. ఆ మీటింగుల్లో ఇచ్చిన సలహాల మీద ఏ చర్య తీసుకున్నారు?
5. మండలి పని కోసం మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని?
6. షెడ్యూల్డ్ ప్రాంతంలో లేని గిరిజన గ్రామాల విషయం మండలి ముందుకు ఎప్పుడైనా వచ్చిందా?

దరఖాస్తు ఒక్కరు పెడితే ఒక్క కాగితం. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం మూడు జిల్లాల హాస్టళ్ల నుంచి తలా ఒకటి పెడితే ఆ శాఖలో ఎవరో ఒకరు ఫైలు తెరవక తప్పదు.

రెండోది, గవర్నర్‌కి వినతిపత్రం. అయిదో షెడ్యూలు ప్రకారం మండలికి విషయం పంపేది ఆయనే. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద ప్రతి ఏటా రాష్ట్రపతికి రిపోర్టు పంపాల్సిందీ ఆయనే. మూడు మాటలు అడుగుదాం. ఎనిమిది సీట్లూ ఎమ్మెల్యేలు కాని ఆదివాసీలతో, ఎంపిక పద్ధతి ముందే ప్రకటించి నింపాలి. మండలికి శాఖతో సంబంధం లేని సొంత సిబ్బందిని ఇవ్వాలి. అజెండా, మినిట్స్ తెలుగులో అందరికీ కనిపించేలా పెట్టాలి. నాలుగోది అడగాలంటే నాన్ షెడ్యూల్డ్ గ్రామాల సంగతి మొదటి అజెండాగా పెట్టమని అడుగుదాం. అడిగేది కొత్త చట్టం కాదు, కొత్త పథకం కాదు. ఉన్న పేరాని ఉన్నట్టు అమలు చెయ్యమని.

మూడోది మన ఇంటి పని. రేపు నిజంగా ఎనిమిది పేర్లు అడిగితే మనం ఎవరి పేరు చెప్తాం? ప్రతి గూడెంలో ఒక అక్క ఉంటుంది, అందరి ఆధార్లూ రేషన్ కార్డులూ పట్టుకుని మండల ఆఫీసు చుట్టూ తిరిగేది. ఒక రిటైర్డ్ మాస్టారు ఉంటారు, అటవీ హక్కుల పట్టాల దరఖాస్తులన్నీ రాసిపెట్టినవారు. ఒక ఆశా కార్యకర్త ఉంటుంది, డోలీ వెనకాల నడిచి నడిచి కాళ్లు కాయలు కాసినది. మండలిలో కూర్చోవాల్సింది వాళ్లే. వాళ్లు తమంతట తాము అడగరు. మనమే వాళ్లని అడగాలి, వాళ్ల పేరు రాసి పంపాలి.

దరఖాస్తు నమూనా తయారుచేశాను, రేపు సాయంత్రం స్టడీ అవర్ అయ్యాక పెడతాను. మూడు జిల్లాల నుంచీ జిల్లాకి ఇద్దరు చొప్పున ముందుకు రండి. లా చదువుతున్న అన్నయ్యలెవరైనా ఉంటే నమూనా ఒకసారి సరిచూసి పెట్టండి.

జై ఆదివాసీ.